కప్పల గదిలో దొంగను పట్టిన రోజు

ఏడో తరగతి నేను మూడేళ్లు చదివాను. మా శాఖలో పెద్ద పెద్ద డిగ్రీలున్నవాళ్లు చాలామందే ఉండేవారు కానీ, ఒకే తరగతి మీద అంత పట్టు సంపాదించినవాణ్ని నేనొక్కణ్నే. నాలుగో ఏడు కూడా అక్కడే కూర్చోమంటే, వెనక వచ్చే పిల్లలకు చోటుండాలి కదా అని నేనే లేచి వచ్చేశాను. ఆ తరగతి సైన్సు పుస్తకం మాత్రం ఇప్పటికీ నోటికి వచ్చు. అందులో కప్ప పాఠం మరీను. గుడ్డు, తోకకప్ప, కాళ్లొచ్చిన తోకకప్ప, కప్ప. చుట్టూ బాణం గుర్తులు, మధ్యలో నీళ్లు. మూడేళ్లూ పరీక్షలో ఆ బొమ్మే వచ్చింది. మూడేళ్లూ నాకు నిండుగా మార్కులొచ్చింది ఆ ఒక్కదానికే.

జంతువుల పనిలో కొత్తగా చేరుతున్న పిల్లలు కనబడినప్పుడల్లా "అంకుల్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి" అంటారు. పులి బోను విరగ్గొట్టుకుని బయటికొచ్చిన కథ ఏదో చెబుతానని వాళ్ల ఆశ. నా కేసు బొటనవేలి గోరంత ఉంటుంది. కప్ప. ముఖాలు చిన్నబుచ్చుకోకండి, ఇందులో దొంగ కూడా ఉన్నాడు.

అప్పుడు తొంభైల నడుమ. పాతబస్తీలో ఒక ప్రభుత్వ ప్రాంగణం, అందులో పాతకాలపు బంగళా. గోడలు మూరెడు మందం. బయట రోడ్డు మీద తారు కరిగే ఎండలో కూడా లోపల చల్లగా ఉండేది. ఆ చల్లదనం చూసే అక్కడ కప్పల గది పెట్టారు. నేను పర్మినెంటు అటెండరును. కప్పలకు తిండి పెట్టడం, పెట్టెలు శుభ్రం చేయడం, పొద్దున్నే ఎన్ని బతికున్నాయో లెక్కబెట్టి పలక మీద రాయడం నా పని. వాటి తిండి కోసం మాదన్నపేట మార్కెట్టులో మగ్గిపోయిన అరటిపండ్లు ఏరుకొచ్చి, వాటి మీద ముసిరే చిన్న చిన్న ఈగల్ని సీసాల్లో పెంచేవాణ్ని. ఆ మార్కెట్టులో కుళ్లిన పండు ఏరి మరీ పట్టుకుపోయే మనిషిని నేనొక్కణ్నే కాబట్టి, కూరగాయల వాళ్లంతా నన్ను చూసి జాలిపడేవారు.

కప్పలు పడమటి కనుమల్లోని వాన అడవి నుంచి వచ్చాయి. నెలల తరబడి తెరపివ్వకుండా కురిసే చోటట. ఒకే కొండ మీద, ఒకే వాగు పక్కన తప్ప ఆ జాతి ఇంకెక్కడా కనబడలేదట. ఆ వాలు మీద చెట్లు కొట్టి తోట వేస్తున్నారని తెలిసి, పదకొండింటిని తడి నాచు పరిచిన డబ్బాల్లో పెట్టి రైల్లో తెచ్చారు. దారిలో రెండు పోయాయి. తొమ్మిది మిగిలాయి. లేత ఆకుపచ్చ ఒళ్లు, బంగారు రంగు కళ్లు. మగది అరిస్తే చేతి గడియారం నడిచినట్టు టిక్ టిక్ మనేది. మొదటిసారి విన్నప్పుడు, ఆర్నెల్లుగా ఆగిపోయిన నా గడియారం బాగుపడిందనుకుని సంతోషించాను.

వాటిని తెచ్చిన శాస్త్రవేత్తకు బదిలీ అయిపోయింది. ఆయన చోటికి వచ్చిన సారుది కృష్ణా జిల్లా వైపు. సైదాబాద్‌లో అద్దెకుండేవారు. చదువంతా చేపల మీద. మంచివారు, కాకపోతే కంగారు మనిషి. "కప్పల గురించి నాకు తెలిసింది తక్కువేనయ్యా. అందరం కలిసి నేర్చుకుందాం" అన్నారు వచ్చిన రోజే. ఏడో తరగతి వరకు నేను చూసుకుంటానని ధైర్యం చెప్పాను. కప్ప గుడ్లు పెట్టాలంటే నీళ్లు కావాలి కదా అని, ఆయన ప్రతి గాజు పెట్టెలో ఒక మూల వెడల్పాటి పళ్లెం పెట్టించి నీళ్లు పోయించారు. మిగతా పెట్టె అంతా కొబ్బరి పొట్టు, నాచు, ఎండుటాకులు.

మూడో మనిషి చాచా. శాలిబండ నుంచి వచ్చేవాడు. పన్నెండేళ్లుగా రోజు కూలీ మీదే ఉన్నాడు. గులాబీ మొక్కలకు మందు కొట్టే చేతి పంపు ఒకటి ఆయనకిచ్చారు. పెట్టెల పైన ఉండే జాలీలోంచి రోజుకు అయిదుసార్లు సన్నగా నీళ్లు చల్లడం ఆయన పని. అడవిలో వానను దేవుడు చూసుకుంటాడు, ఇక్కడ చాచా చూసుకోవాలి. ఆయన తాత తోలు సంచి భుజాన వేసుకుని వీధుల్లో దుమ్ము లేవకుండా నీళ్లు చల్లేవాడట. నల్లా నీళ్లలో మందు వాసన ఉంటుందని, మేడ మీద పడిన వాన నీళ్లు తొట్టిలో పట్టి అవే వాడేవాడు. అందరూ ఆయన్ని చాచా అనేవారు. మా సారు మర్యాద తక్కువ కాకూడదని "చాచా గారూ" అనేవారు.

వానలు మొదలవకముందే పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఈ వానాకాలం ముగిసేలోపు ఒక్క పిల్లయినా పుట్టకపోతే గది మూసేయాలి. ఉన్న కప్పల్ని స్పిరిట్ సీసాల్లో భద్రపరచాలి. సారు చదివి వినిపిస్తే చాచా అడిగాడు:

"సీసాలల్లనా సాబ్? బతికుండంగనే?"

సారు ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నారు. గది పోతే నన్ను ఇంకో గదికి వేస్తారు. సారుకి ఇంకో ఊరు. చాచాకు మాత్రం ఇల్లే. ఆ సంగతి ఉత్తరంలో లేదు, ముగ్గురికీ తెలుసు.

ఇక నా గురించి ఒక మాట. అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది. మా ఇంటి ముందే గేదెను కట్టి పాలు పిండి ఇచ్చినా, నీళ్లు ఆ గేదే కలిపిందేమోనని దాని ముఖంలోకి చూసేవాణ్ని. చాచా మీద నాకు మొదటి నుంచీ అనుమానం ఉండడానికి కారణం మాత్రం చాలా గట్టిది. ఆయన నా జోకులకు నవ్వేవాడు కాదు. బంగళా మొత్తం నవ్వుతుంటే, ఆయన పంపు మూతి తుడుచుకుంటూ నిలబడేవాడు. నవ్వని మనిషి లోపల ఏదో దాచుకుంటాడని నా సిద్ధాంతం.

మొదటి వానలు పడిన వారానికి, ఒక పొద్దున ఏడింటికి నేను గదిలోకి వెళ్లాను. తాళం చెవి చాచా దగ్గర ఒకటి, నా దగ్గర ఒకటి. ఆయన ఆరింటికే వచ్చి మొదటి వాన కొట్టి, వెనక నీళ్ల మోటారుండే పంపు గదికి వెళ్లిపోతాడు. నేను కప్పల్ని లెక్కపెడుతూ రెండో పెట్టెలో ఒక ఎండుటాకు ఎత్తాను. దాని కింద కొబ్బరి పొట్టులో, నానబెట్టిన సగ్గుబియ్యంలాగా, గుడ్లు. ఇరవై మూడు.

నా గుండె ఆగిపోయింది. సంతోషంతో కాదు. నీళ్ల పళ్లెం జానెడు దూరంలో ఉంది. గుడ్లు పొట్టులో ఉన్నాయి. కప్ప నీళ్లలో పెట్టిన గుడ్లు పొట్టులోకి ఎలా వస్తాయి? వాటికి కాళ్లా? పరీక్షలో మూడుసార్లు ఆ బొమ్మ వేసినవాణ్ని, నాకు చెబుతారా? ఎవరో తీసి బయట పడేశారు. నాకంటే ముందు ఆ గదిలోకి వచ్చేది ఒక్క మనిషి.

ఒక చెంచా తెచ్చి, ఒక్కొక్క గుడ్డే ఎత్తి, అన్నీ నీళ్ల పళ్లెంలో వేశాను. ప్రాణాలు కాపాడుతున్నానని అంత గట్టిగా అనిపించిన రోజు నా సర్వీసులో ఇంకొకటి లేదు.

పదింటికి సారు వచ్చి చూశారు. "ఒరేయ్, పెట్టేసిందిరా!" అని అరిచి, అటెండరును ఒరేయ్ అన్నందుకు వెంటనే క్షమాపణ చెప్పి, నన్ను కౌగిలించుకున్నారు. "ముందు చూసింది నువ్వేనా?"

"నేనే సార్."

అప్పుడే చెప్పాల్సింది. పొట్టులో ఉంటే నేనే తీసి నీళ్లలో వేశానని ఒక్క ముక్క. కానీ చెబితే, ఎవరు తీశారు అనే ప్రశ్న వస్తుంది. రుజువు లేకుండా చాచా పేరు చెబితే చాడీలు చెప్పినట్టవుతుంది. చేస్తుండగా పట్టుకున్నాకే చెబుదామనుకున్నాను. అసలు సంగతి ఇంకోటి కూడా ఉంది. సారు కౌగిలి ఇంకా వెచ్చగా ఉంది. దాన్ని ఎవరితోనూ పంచుకోబుద్ధి కాలేదు.

సారు రిజిస్టరులో రాసుకున్నారు: నీటిలో గుడ్లు పెట్టింది. చాచా గుమ్మంలో నిలబడి పళ్లెం వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు. పట్టుబడిన దొంగ చూపు అదే అనుకున్నాను.

నాలుగో రోజుకు గుడ్ల మీద తెల్లటి బూజు వచ్చింది. ఆరో రోజు సారు వాటిని చెంచాతో తీసి కాగితంలో చుట్టారు.

రెండు వారాల తర్వాత మళ్లీ అదే. ఈసారి నాలుగో పెట్టెలో, నాచు కింద. మళ్లీ నేనే చూశాను, మళ్లీ నేనే నీళ్లలో వేశాను, మళ్లీ బూజు. సారు మగ కప్పల్ని అనుమానించారు. "వీటిల్లో జీవం లేదేమోనయ్యా" అంటూ పెట్టె ముందు స్టూలు వేసుకుని టిక్ టిక్ మనే వాటిని గంటలకొద్దీ చూసేవారు. పాపం అవి ఏ నేరం చేయకుండానే చెడ్డపేరు మోశాయి.

నేను దర్యాప్తు మొదలుపెట్టాను. మా ఆవిడ కుట్టు డబ్బాలోంచి నల్లదారం తెచ్చి, సాయంత్రం వెళ్లేటప్పుడు పెట్టెల తలుపులకు అడ్డంగా కట్టాను. తలుపు తీస్తే దారం తెగాలి. పొద్దున వచ్చి చూస్తే దారం తెగలేదు. కానీ ఒకటో పెట్టెలో, పొట్టులో, మళ్లీ గుడ్లు. బుర్ర ఉన్న మనిషి అక్కడ ఆగి ఆలోచిస్తాడు. తలుపు తీయకుండా గుడ్లు బయటికి ఎలా వచ్చాయి అని. నేనూ ఆలోచించాను. చాచా దారం విప్పి మళ్లీ అచ్చం అలాగే ముడి వేయగల పనిమంతుడని తేల్చుకున్నాను. ఆ రోజు నుంచి ఆయన మీద అనుమానంతో పాటు కొంచెం గౌరవం కూడా పెరిగింది.

అవి కూడా నీళ్లలోకి వెళ్లాయి. అవి కూడా పోయాయి.

ఇంట్లో మా ఆవిడతో చెప్పాను. దారం ఎందుకు తరిగిపోతోందో ఆమెకు అప్పుడు తెలిసింది. "గా ముసలాయన గుడ్లు తీస్కపోయి ఏం జేస్కుంటడయ్యా? అట్టేస్కుంటడా?" అని ఒకటే నవ్వు. నా జోకులకు నవ్వనివాళ్ల మీద నాకు అనుమానం. నా అనుమానాలకు నవ్వేవాళ్ల మీద కోపం.

ఆ తర్వాత చాచా మారిపోయాడు. ఇదివరకు నీళ్లు కొట్టగానే వెళ్లిపోయేవాడు. ఇప్పుడు నేను లోపలున్నంతసేపూ ఏదో ఒక పని పెట్టుకుని గది దగ్గరే తచ్చాడేవాడు. నేను ఆకు ఎత్తితే ఆయన మెడ ఎత్తేవాడు. ఒకరి వీపు మీద ఒకరం కళ్లు పెట్టుకుని పని చేసేవాళ్లం. ఒకరోజు అడిగేశాను.

"ఏంది చాచా, పంపు గదిల పని లేదా?"

"ఉంది బేటా."

"మరి గిక్కడేం జేస్తున్నవ్?"

"నువ్వేం జేస్తున్నవో జూస్తున్న."

"నేను డ్యూటీ జేస్తున్న."

"నేను గూడ గదే."

ఆ మర్నాడు పొద్దున వచ్చేసరికి మూడో పెట్టె తలుపుకు దారం లేదు. నా స్టూలు మీద ఒక అగ్గిపుల్ల ఉంది. దానికి నా నల్లదారం చక్కగా చుట్టి ఉంది. ఒక్క పోగు తెగలేదు. పెట్టెలో ఆకు ఎత్తితే, కింద పొట్టులో చిన్న గుంట. గుంట తడిగా ఉంది. అందులో ఏమీ లేదు.

ఇన్నాళ్లూ బయట పడేసేవాడు, ఇప్పుడు ఎత్తుకుపోవడం మొదలుపెట్టాడు! అంతకుముందే ఒక రంగు చేపల వ్యాపారి గేటు దగ్గరికొచ్చి, లోపల ఏవో విచిత్రమైన కప్పలున్నాయటగా అని వాకబు చేసి వెళ్లాడు. రెండూ కలుపుకున్నాను. ఆ రోజే చాచా పంపు గదిలోకి తడిగుడ్డ కప్పిన చిన్న మట్టికుండ ఒకటి పట్టుకెళ్లడం చూశాను. ఎప్పుడూ గడియ కూడా పెట్టని ఆ గదికి తాళం పడింది. రోజూ అయిదుసార్లు కప్పలకు వాన కొట్టిన తర్వాత, ఆరోసారి ఆ గదిలోకి పంపుతో వెళ్లేవాడు. లోపలి నుంచి పంపు చప్పుడు వినబడేది. ఖాళీ గదిలో వాన ఎవరికి?

అంతా తెలిసినా నేను మూడు వారాలకు పైగా నోరు మెదపలేదు. చేపల వ్యాపారితో చేతులు మారే సమయంలో పట్టుకోవాలని నా పథకం. ఆ వ్యాపారి మళ్లీ రాలేదు. వానలే వెనకబట్టాయి. పై ఆఫీసు నుంచి పెద్దాయన తనిఖీకి వస్తున్నట్టు కబురొచ్చింది. తనిఖీకి మూడు రోజులుందనగా సారు స్పిరిట్ సీసాలకు ఇండెంటు రాస్తున్నారు. పెన్ను ఆగిపోయింది. ఇంకులేక కాదు. ఎన్ని సీసాలు అనే చోట.

"తొమ్మిదనే రాయమంటావా?" అన్నారు నా వైపు చూడకుండా.

ఇక ఉండలేకపోయాను. "రాయకండి సార్. గుడ్లు ఎందుకు పోతున్నయో నాకెరుక. దొంగున్నడు."

సారు లేచి నిలబడ్డారు. నేను మొత్తం చెప్పాను. పొట్టు, దారం, అగ్గిపుల్ల, కుండ, తాళం. చెంచా సంగతి ఒక్కటే చెప్పలేదు. అది దొంగతనానికి సంబంధించింది కాదనుకున్నాను.

"ఏవయ్యా, నీ కళ్లతో చూశావా? ఊరికే అనకూడదు. పన్నెండేళ్లబట్టి ఉన్న మనిషి."

"కుండను కళ్లార జూసిన సార్. ఇంక గా గదిలనే ఉంది."

ముగ్గురం పంపు గది ముందు నిలబడ్డాం. సారు ముఖం ఎర్రబడింది. "చాచా గారూ, ఒకసారి తాళం తీయండి" అన్నారు, తనే ఏదో తప్పు చేస్తున్నట్టు.

చాచా తీశాడు. గదిలో మూలన, మోటారు నీడలో, ఇటుకల మీద మట్టికుండ. పైన తడిగుడ్డ.

"ఏముంది అందులో?"

"ఇయ్యాల తెరవొద్దు సాబ్. ఇంకొక రెండ్రోజులాగుండ్రి. మీకు నేనే తెచ్చి సూపిస్త."

"జూసిండ్రా సార్! రెండ్రోజులల్ల బేరం కుదుర్తది!" అన్నాను.

చాచా నా వైపు తిరిగాడు. సారు అలాగే నిలబడిపోయారు. అక్కడ ఎవరూ చేయి కదపకపోతే నేనే వంగి గుడ్డ తీసేశాను.

లోపల కొబ్బరి పొట్టు, మా పెట్టెల్లోదే. దాని మీద ఒక ఎండుటాకు. ఆకు ఎత్తాను. సగ్గుబియ్యం గింజలు ఈసారి కొంచెం ఉబ్బి ఉన్నాయి. బూజు లేదు. అద్దంలా మెరుస్తున్నాయి. ఒక్కొక్కదాని లోపల ఏదో నల్లగా ముడుచుకుని ఉంది.

సారు జేబులోంచి భూతద్దం తీసి కుండ మీదికి వంగారు. చాలాసేపు లేవలేదు. నేను ఆయన వీపే చూస్తున్నాను.

"తోకకప్పేదయ్యా?" అన్నారు చివరికి. "ఇందులో తోకకప్ప లేదు. నాలుగు కాళ్లున్నాయి. కళ్లున్నాయి. గుడ్డులోనే... గుడ్డులోనే కప్ప అయిపోయింది."

ఆయన అంటుండగానే అంచున ఉన్న గుడ్డు ఒకటి కదిలింది. సన్నటి పొర చిట్లింది. నువ్వుగింజ కంటే కాస్త పెద్దది, వెనక ముల్లంత తోక ఇంకా ఊడనిది, ఒక కప్ప బయటికొచ్చి, పొట్టులో రెండడుగులు వేసి, సారు చూపుడువేలి గోరు మీదికి ఎక్కి కూర్చుంది. అచ్చం కప్ప. నీళ్లలో మునగని కప్ప. మూడుసార్లు నిండుగా మార్కులు తెచ్చుకున్న నా బొమ్మలో దానికి చోటే లేదు.

సారు గాలి పీల్చడానికి కూడా భయపడుతున్నారు. వేలు కదపకుండానే అడిగారు. "వీటిని నీళ్లలో పెట్టలేదా?"

"లేదు సాబ్. తల్లి మన్నులనే పెట్టింది. ఒక పొద్దుగాల్ల నేను జూసిన. ఆకు కిందికి జొచ్చి, పెట్టి, కాళ్లతోటి పొట్టు కప్పుకుంట పోయింది. గట్లనే ఉంచిన. నీళ్లు సల్లిన, గంతె."

"మరి పెట్టెలోనే ఉంచొచ్చుగా? ఇక్కడ దాచడం ఎందుకు?"

"ఆడ ఉంటె మునుగుతున్నయ్ సాబ్."

"మునగడమేంటి? ఎవరు ముంచుతున్నారు?"

చాచా తల వంచుకుని పంపు మూతి తుడుచుకున్నాడు. నా పేరు చెప్పడానికి ఆయనకు ఒక్క క్షణం పడుతుంది. చెప్పలేదు. చెబుతాడేమో అని నేను ఎదురుచూశాను కూడా. చెబితే కాదనడానికి నా దగ్గర అబద్ధం సిద్ధంగా ఉంది. ఆయన చెప్పకపోవడంతో ఆ అబద్ధం ఎక్కడ వాడాలో తెలియలేదు.

"నేను ఈత నేర్పుదామనుకున్న సార్" అన్నాను. నా మొత్తం జీవితంలో అంత పాడు జోకు వేయలేదు. ఎవరూ నవ్వలేదు. నేను కూడా.

తర్వాత చెంచా సంగతి చెప్పాను. ఒకటో సారి, రెండో సారి, మూడో సారి. పొట్టులో ఉన్నవాటిని ఎత్తి నీళ్లలో వేసింది నేనే. సారు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆ చిన్నదాన్ని జాగ్రత్తగా కుండలోకి దించి, లేచి, కప్పల గదిలోకి వెళ్లి, ఒక్కొక్క పెట్టెలోంచి నీళ్ల పళ్లెం తీసి బయట మెట్ల మీద పెట్టారు. మొత్తం తీశాక అన్నారు: "పళ్లెం పెట్టించింది నేను. ముంచింది నువ్వు. నువ్వు చెప్పిందే రాసుకున్నాను, ఒక్కరోజు పొద్దున్నే వచ్చి చూడలేదు."

రిజిస్టరులో "నీటిలో గుడ్లు పెట్టింది" అన్న మూడు చోట్లా ఎర్ర ఇంకుతో కొట్టేసి, పక్కన సంతకం పెట్టారు. నన్ను కూడా పెట్టమన్నారు. మూడు చోట్లా పెట్టాను.

తనిఖీకి వచ్చిన పెద్దాయన భూతద్దంలోంచి చూసి, మొదట నమ్మలేదు. బయటి నుంచి ఏదో పిల్లకప్పల్ని తెచ్చి పెట్టారేమోనని అనుమానించారు. అనుమానం చూస్తే నాకు గౌరవం కాబట్టి, పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టాను. మధ్యాహ్నం వరకు కూర్చున్నారు. ఆయన కళ్ల ముందే ఇంకో రెండు బయటికొచ్చాయి. ఆ జాతి దగ్గరి చుట్టాలు కొన్ని ఇలాగే నేల మీద పెంచుకుంటాయని ఎక్కడో చదివినట్టు గుర్తొస్తోందని ఆయనే చెప్పారు. మా బంగళాలో ఆ కాగితం లేదు. ఉన్నా నేను చదివేవాణ్ని కాదు, నాకు పాఠం వచ్చుగా.

గది మూయలేదు. చాచా వాన ఆగలేదు. సీసాల ఇండెంటు సారు బల్ల సొరుగులోనే ఉండిపోయింది. నువ్వుగింజంత వాటికి నేను పెంచే ఈగలు కూడా పెద్దవే అయ్యాయి. వాటికోసం ఆకుచెత్తలో పాకే ఇంకా చిన్న పురుగుల్ని జల్లెడ పట్టి పోసేవాణ్ని. నాకు శిక్ష అనుకోండి, ప్రమోషన్ అనుకోండి, ఆరునెలల పాటు రోజూ చాచాతో పాటు ఆరింటికే వచ్చి చూసిందల్లా రాయమన్నారు సారు. నా చేతిరాత చాచాకు చదివి వినిపించి, ఆయన అవునన్నాకే సారు దగ్గరికి పట్టుకెళ్లాలి. "గిది నువ్వు జూసినవా, అనుకున్నవా?" అని ప్రతి వాక్యానికీ అడిగేవాడు. సగం వాక్యాలు కొట్టేయాల్సి వచ్చేది.

పిల్లలూ, మీకు నేను చెప్పదలుచుకున్నది పెద్దగా ఏం లేదు. ఏదైనా ఉండాల్సిన చోట లేదని మీకనిపిస్తే, ముందు ఆ చోటు ఎవరు నిర్ణయించారో కనుక్కోండి. జంతువా, మీరా? మనిషిని అనుమానించడం తేలిక. వచ్చిన పాఠాన్ని అనుమానించడానికి చాలా బుర్ర కావాలి, అది నాకు ఒక వానాకాలం ఆలస్యంగా వచ్చింది. మూడు పెట్టెల్లో మూడు విడతల గుడ్లు పోయాక.

రెండువేలు దాటాక, ఆ కప్పల మనవలు కొన్నింటిని అదే కొండ మీద, కొట్టకుండా మిగిల్చిన ముక్కలో వదిలిపెట్టారు. బతికాయో లేదో నాకు తెలియదు. బాగున్నాయని ఒకాయన ఉత్తరం రాశాడు. ఆయన ఏ ఆకు ఎత్తి చూశాడో ఉత్తరంలో లేదు కాబట్టి నేను ఇంకా నమ్మలేదు.

చాచా మోకాళ్లు సహకరించక పని మానేసిన రోజు, శాలిబండలో వాళ్ల ఇంటి దగ్గరి చాయ్ హోటల్లో కూర్చున్నాం. ఇద్దరికీ తెలిసిందే అయినా, అప్పటివరకు ఎప్పుడూ మాట్లాడుకోని సంగతి అది. నేనే కదిపాను.

"చాచా, నేను గుడ్లు నీళ్లల్లేస్తున్నట్టు నీకు ఎరుకైంది గద. నన్నెందుకు అడగలే?"

"మొదటిసారి సాబ్ హుకుం అనుకున్న. సాబ్ నిన్ను గట్టిగ పట్టుకుని సంబరపడె. నేనేం జెప్త?"

"రెండోసారి?"

"రెండోసారి నీ మీదనే షక్ వచ్చింది."

మనసులో ఎక్కడో తేలికైంది. అనుమానం నా ఒక్కడి జబ్బు కాదన్నమాట. కుర్చీ ముందుకు జరుపుకుని, నవ్వుతూ అన్నాను. "గట్లయితె సరి సరి అయినం. నేను నిన్ను దొంగ అనుకున్న, నువ్వు నన్ను దొంగ అనుకున్నవ్."

చాచా సాసరులోకి చాయ్ పోసుకుని, ఊది, ఒక గుక్క తాగాడు.

"దొంగ అనుకోలే బేటా. దొంగయితె అమ్ముకునేదాకనన్న వాటిని పైలంగ సూస్కుంటుండె."